మంగు మచ్చకు మామిడి తొక్క

నాకు కోపం ఎక్కువ. తిరువూరులో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. మా ఆయన లాజరునైతే అడగక్కర్లేదు, ముప్ఫై రెండేళ్ళుగా అడగకుండానే అందరికీ చెబుతున్నాడు. పాతికేళ్ళు మామిడి తోటల్లో కోత మేస్త్రిగా చేశాను. కింద కాయలు ఏరే ఆడవాళ్ళను, చెట్టెక్కే మగవాళ్ళను నోటితోనే నడిపించాను. సామ్రాజ్యం మేస్త్రి వస్తోందంటే చెట్టు మీద బీడీ కాల్చేవాడు కూడా ఆర్పేసేవాడు. అలాంటి నేను మూడేళ్ళుగా నా కోడలు గ్లోరి ముందు గొంతు తగ్గించుకుని మాట్లాడుతున్నాను. భయం కాదు. ముద్దు.

ఆ పిల్లకు అమ్మానాన్నా లేరు. ఊహ తెలియకముందే పోయారు. మిషను హాస్టల్లో పెరిగింది, అక్కడే టీచరు ట్రైనింగు దాకా చదివింది. మావాడు ప్రేమ్ కిరణ్ చేసుకుంటానంటే, ‘తల్లి లేని పిల్ల, నాకు కూతురు లేదు, ఇంకేం కావాలి’ అని నేనే ముందు తలూపాను. వచ్చిన రోజు నుంచీ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. సినిమాకు వెళ్దామంటే సరేనండి. వద్దులే అన్నా సరేనండి. మొదట్లో మా చర్చి సంఘంలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను. తరవాత తరవాత లోపల గుబులు మొదలైంది. కూతురైతే విసుక్కుంటుంది కదా, తల్లి మీద కాకపోతే ఎవరి మీద విసుక్కుంటుంది? ఈ పిల్ల నా ఇంట్లో ఇంకా చుట్టంలాగే సర్దుకుని కూర్చుందేమో అనిపించేది. ఎప్పటికైనా ఇది నన్ను తల్లి అనుకుంటుందా అన్నదొక్కటే నా బెంగ.

మనవరాలు మేఘన కడుపులో ఉండగా గ్లోరి రెండు బుగ్గల మీద, ముక్కు మీద మంగు వచ్చింది. గోధుమరంగు మచ్చలు. కాన్పయ్యాక పోతుందన్నారు. పాపకు ఎనిమిదో నెల వచ్చినా పోలేదు. ఆదివారం బడి పిల్లలకు పాటలు నేర్పే పిల్ల, వాళ్ళెదుట నిలబడటానికి కూడా జంకుతోంది. ‘టీచర్, మొహమ్మీద అదేంటి’ అని ఏ పిల్లకాయో అడిగాడట. నాతో చెప్పలేదు. అద్దం ముందు నిలబడి, నేను రాగానే పక్కకు తప్పుకుంటుంటే నాకే అర్థమైంది. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు చూశాను ఫోన్లో ఆ వీడియో. పచ్చి మామిడికాయ తొక్క రుబ్బి, పెరుగులో కలిపి రాస్తే మంగు మాయమట. ఎవత్తో నవ్వుతూ చెబుతోంది. మేలో మా ఇంట్లో మామిడికాయలకు కొదవా! మరి సొన సంగతి నాకు తెలియదా అంటే, నాకు తెలిసినంత ఎవరికి తెలుసు? తొడిమ విరిచిన చోట చిమ్మే ఆ పాలు పడి నా చేతుల మీద ఎన్ని మచ్చలున్నాయో లెక్కలేదు. అందుకే పనిమంతురాలిలాగా, తోటలో చేయించినట్టే చేశాను. తొడిమలు విరిచి, కాయల్ని పూటంతా గోనెపట్టా మీద బోర్లా పెట్టి సొన కార్చాను. కడిగాను, తుడిచాను. సంతకు పంపే కాయకు చేసే మర్యాదంతా చేశాను. ఇక భయం లేదనుకున్నాను. సొన తొడిమ దగ్గరే కాదు, తొక్కలో కూడా ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. మేము కాయను బుట్టకు పంపటం వరకే చూసినవాళ్ళం, తొక్క రుబ్బి ఎవరి మొహాన పూశాం గనక!

గ్లోరిని కుర్చీలో కూర్చోబెట్టి నా చేత్తోనే పూశాను.

“మండుతోంది అత్తయ్యా” అంది కాసేపటికి.

“మండితేనే పని చేస్తున్నట్టు. కదలకు” అన్నాను.

సరేనండి అంది. నేను ఫోన్లో మా చెల్లెలితో కబుర్లలో పడ్డాను. ఆ పిల్ల కుర్చీ చేతులు పట్టుకుని ఇరవై నిమిషాలు అలాగే కూర్చుంది. కడిగేసరికి మొహం ఎర్రబడి ఉంది. తెల్లారేసరికి బుగ్గలు వాచి, చిన్న చిన్న నీటిపొక్కులు లేచాయి. 

మావాడు గ్లోరి మీద ఇల్లెగిరిపోయేలా అరిచాడు. “ఎవరు చెప్పారు నీకిది? బుద్ధుందా అసలు?”

నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చేతిలో గరిటె అలాగే ఉంది. చెబుదామని నోరు తెరిచాను.

“నేనే రాసుకున్నానండీ. వీడియో చూసి” అంది గ్లోరి.

నేను నోరు మూసేశాను. పాతికేళ్ళు పెద్ద నోరేసుకుని బతికినదాన్ని, నోరు తెరవాల్సిన ఒక్కసారి మూసేశాను. సిగ్గేసింది, నిజమే. మామిడికాయతో బతికిన సామ్రాజ్యం సొన సంగతి తెలియక కోడలి మొహం కాల్చిందంటే తోటల్లో నవ్వుతారని కూడా అనిపించింది. అంత నీచత్వం నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

బస్టాండు దగ్గర చర్మం డాక్టరు నీహారిక గారి దగ్గరకు తీసుకెళ్ళాం. ఆవిడ లైటు పెట్టి చూసింది. “మండుతుంటే వెంటనే ఎందుకు కడగలేదమ్మా?” అంది.

“మండితే పని చేస్తుందనుకున్నాను మేడం” అంది గ్లోరి, నా వైపు చూడకుండా. నా మాటను తన నెత్తిన వేసుకుంది.

“మండిందంటే చర్మం దెబ్బతింటోందని అర్థం. నిమ్మరసం, వంటసోడా, పచ్చి మామిడి, ఏదీ మొహానికొద్దు. వారంలో తెల్లబడతావని మందుల షాపులో ఇచ్చే ట్యూబులు అసలే వద్దు” అంది డాక్టరు. ముందు పుండు మానాలంది. చల్లటి నీళ్ళ గుడ్డ, తను రాసిచ్చిన ఆయింట్‌మెంటు. పొక్కు గిల్లకూడదు. మానాక మంగుకు అసలు వైద్యం ఎండ తగలకుండా చూసుకోవటమేనంది. రెండు వేళ్ళ పొడవునా సన్‌స్క్రీన్ తీసి మొహానికి, మెడకు రాయాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ రాయాలి, పైన గొడుగు ఉండాలి. కొత్తది ఏది వాడినా ముందు మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు చూడాలి. పాలిచ్చే తల్లి గనక మచ్చకు క్రీము తరవాత చూసి తనే రాస్తానంది. “నెలలు పడుతుంది. పలచబడుతుంది. పూర్తిగా పోకపోయినా ఆరోగ్యానికి ఏమీ కాదు” అంది. పాఠం నాకే చెబుతున్నట్టు ప్రతి ముక్కా కంఠతా పట్టాను.

ఇంటికొచ్చాక నేనే నర్సునయ్యాను. గుడ్డ తడిపి వేశాను. వంటింటి సెగ కూడా తగలనివ్వలేదు. ఆ పిల్ల థాంక్సండి అంటుంది. థాంక్సట!  ఒక్కసారి ‘మీ వల్లే ఇదంతా’ అని మొహం మీద అనేస్తే నిద్రపోయేదాన్ని. అనదు. ఇక నా దగ్గర ఏ ఆశా పెట్టుకోదేమో, దాన్ని నేను పోగొట్టుకున్నానేమో అని హడలిపోయాను.

గుడిలో అయితే కథ పాకింది. గ్లోరి తెల్లబడాలని పార్లరుకు వెళ్ళి మొహం కాల్చుకుందని ఒకరు, విజయవాడ నుంచి ఏదో తెప్పించుకుందని ఒకరు. చున్నీ మొహం మీదకు లాక్కుని మూడు ఆదివారాలు చివరి వరసలో కూర్చుంది. మూడు ఆదివారాలూ నేను పక్కన రాయిలా కూర్చున్నాను.

నాలుగో ఆదివారం వాక్యం అయ్యాక పాస్టరుగారి భార్య రూత్ అమ్మగారు ప్రార్థనకు లేచింది. ఆవిడ మంచి మనిషే. కాకపోతే మనుషులతో చెప్పాల్సినవన్నీ దేవుడికి చెబుతుంది, అందరికీ వినపడేలా. “ప్రభువా, మా యవ్వన స్త్రీలను జ్ఞాపకం చేసుకో. పైపై అందం కోసం వెంపర్లాడి, నీవిచ్చిన ముఖాలను పాడుచేసుకుంటున్న బిడ్డలకు బుద్ధి దయచేయి, తండ్రీ…”

పక్కన గ్లోరి తల ఇంకా కిందికి వంచింది. దాని చేతులు పాప గౌను అంచును మెలిపెడుతున్నాయి. అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది.

“ఆమెన్!” అన్నాను, తోటంతా వినపడే నా పాత గొంతుతో.

అలవాటు కొద్దీ గుడి మొత్తం “ఆమెన్” అనేసింది. మగవాళ్ళు కళ్ళు తెరిచి సర్దుకుని కూర్చున్నారు. రూత్ అమ్మగారు సగం వాక్యంలో నోరు తెరుచుకుని ఉండిపోయింది.

“సాక్ష్యం ఉందండి” అంటూ నేను లేచాను. మా గుడిలో సాక్ష్యమంటే జ్వరం తగ్గిందనో, పిల్లాడు పాసయ్యాడనో, దేవుడి మేలు చెప్పుకోవటం. తప్పు చెప్పుకోవటానికి ఎవరూ లేవరు. 

“అందరికీ వందనాలు. మా గ్లోరి ఏ పార్లరుకీ పోలా. ఆ మొహం కాల్చింది నేను. పచ్చి మామిడి తొక్క రుబ్బి ఈ చేత్తో పూశా. మండుతోందంటే మండనీమన్నా. నా కొడుకు దాన్ని తిడుతుంటే నోరు మూసుకున్నా. మీరంతా ఆడిపోసుకుంటుంటే కూడా మూసుకున్నా. అది నా పేరు ఎక్కడా చెప్పలా. బుద్ధి నాకు దయచేయమని అడగండి అమ్మగారూ, దానిక్కాదు.”

 మగవాళ్ళ వైపు నుంచి మావాడు నన్నే చూస్తున్నాడు. రూత్ అమ్మగారు కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది. “తొందరపడ్డాను. క్షమించమ్మా గ్లోరీ” అంది, ఈసారి మనిషితోనే.

వెనక నుంచి ముసలి అక్కమ్మ అందుకుంది. “కాలిన సంగతి చెప్పావు, బానే ఉంది. మరి ఆ డాక్టరమ్మ ఏం రాసుకోమందో అది చెప్పవేంటి? నా బుగ్గలు చూడు, ఇరవయ్యేళ్ళ మంగు!”

గుడంతా నవ్వింది. నేను కన్నీళ్ళు తుడుచుకుంటూనే రెండు వేళ్ళ సన్‌స్క్రీన్ సంగతి, మోచేతి మడత సంగతి, గొడుగు సంగతి చెప్పాను. ముగ్గురు ఆడవాళ్ళు పాటల పుస్తకం వెనక రాసుకున్నారు.

అందరూ నవ్వినా గ్లోరి నవ్వలేదు.

ఎండగా ఉందని మావాడు పాపను తీసుకుని వాళ్ళ నాన్నతో బండి మీద ముందు వెళ్ళిపోయాడు. మేమిద్దరం నడిచాం. గొడుగు నేను పట్టుకున్నాను, అంతా దాని వైపే వంచి. సెంటరు దాటినా మాట లేదు.  సంఘంలో దాని పరువు నిలబెట్టాననుకున్నాను గానీ, నలుగురిలో దాని మొహం మీదకు మళ్ళీ చూపులు లాగానా?

“గ్లోరీ, కోపమొచ్చిందా?” అన్నాను.

ఆగిపోయింది. చున్నీ వెనక్కి నెట్టుకుంది. బుగ్గల మీద కొత్త చర్మం గులాబీరంగులో ఉంది, మధ్యలో మంగు అలాగే ఉంది.

“ఇప్పుడు కాదు. ఆ రోజే వచ్చింది” అంది.

“మరి అనలేదేం?”

“హాస్టల్లో ఎవరి మీదైనా కోప్పడితే సామాను సర్దుకోమనేవాళ్ళు. ఇక్కణ్ణుంచీ పొమ్మంటే నేనెక్కడికి పోతాను?”

మూడేళ్ళు ఆ పిల్ల నా ఇంట్లో ఈ భయంతో అన్నం తిన్నదా! రోడ్డు మధ్యలో గొడుగు వదిలేసి దాన్ని పట్టుకున్నాను.

“నిన్ను పొమ్మనే మొనగాళ్ళెవరే? పోతే నేను పోతాను. తిట్టు నన్ను. ఇప్పుడే తిట్టు. ఎంత కోపముంటే అంతా తిట్టు” అన్నాను ఏడుస్తూ.

“ముందు గొడుగు తియ్యండి. ఎండ తగలకూడదని ఊరందరికీ చెప్పి నన్నే ఎండలో నిలబెట్టారు” అంది.

గొడుగు తీశాను. అది మొదలుపెట్టింది. “మండుతోందని చెప్పాను కదా! వినిపించుకున్నారా? ఫోన్లో చెల్లెలితో కిలకిలలు! నేను మీ తోటలో కూలిదాన్నా? మొహం నాది కాదా?” రెండు అడుగులు వేసి మళ్ళీ ఆగింది. “పాప చెవిలో నూనె పోయొద్దని నర్సు చెప్పినా పోస్తారు. నా చీరలు అడక్కుండా మడతపెట్టి ఎక్కడో దాస్తారు. ప్రతిదానికీ మీకే తెలుసు!” మూడేళ్ళవి ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. దాని గొంతు ఇంత పెద్దదని నాకు ఇప్పుడే తెలిసింది. నేను గొడుగు పట్టుకుని ఊ కొడుతూ నడిచాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఎవరి చేతా తిట్లు తినలేదు.

మా వీధి మలుపులో అంతోనమ్మ గేటు మీద చేతులేసుకుని చూస్తోంది. “ఏంటి సామ్రాజ్యం, కోడలు రోడ్డు మీద పెట్టి తిడుతోంది?” అంది ఆశగా.

“నా కూతురు నన్ను తిట్టుకుంటోంది. మధ్యలో నీకేంటి?” అన్నాను.

గ్లోరి ఒక్క క్షణం నా వైపు చూసింది. నా చేతిలో గొడుగును సరిగ్గా తన మీదకు లాక్కుంది. “ఇంకా అవ్వలేదు, నడువు అమ్మా” అంది.