చెక్క గోడకు ఇవతల

తాగుడు మానేవాళ్ల గ్రూపులో పన్నెండు బుధవారాలు నోరు విప్పి మాట్లాడితే, గ్రూపు నడిపే హెలెన్ కోర్టుకు ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం ఉంటేనే నా కూతురు ఆనాను ఆదివారాలు నా దగ్గరికి పంపుతారు. ఎనిమిది వారాలు గడిచాయి. మేముండే నగర శివారు మాంగెరెలో మా టోంగా దీవుల వాళ్లకున్నది ఈ ఒక్క గ్రూపే. అంతకుముందు నగరంలో తెల్లవాళ్ల గ్రూపుకి వెళితే నాకు నోరే పెగల్లేదు.

తొమ్మిదో బుధవారం తలుపు తోసుకుని లూపె వచ్చింది. మా చిన్నాన్న కూతురు, మా ఇంట్లోనే పెరిగింది. నా ప్రాణం ఉసూరుమంది. మాలో చెల్లెలున్న గదిలో అన్న కూర్చుని సినిమా కూడా చూడడు. ఇక తాగి పడిన కథలు చెబుతాడా? తను నన్ను చూసి తల దించుకుంది. నేను లేచి బయటికి వచ్చేశాను.

హెలెన్ వెంటపడి వచ్చింది. ఇక్కడ అందరూ సమానమేనట, ఆచారాలు చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విడిచి రావాలట. ఒళ్లు మండింది. ఎంత చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి ఆవిడే ఒక దారి చెప్పింది.

"సరే సితివెనీ, నువ్వు వంటగదిలో టీ పెడుతూ ఉండు, మాట్లాడినట్టే రాసి హాజరు వేసేస్తా. ఇంటికెళ్లిపోయావని లూపెతో చెప్తాలే."

బుద్ధి గడ్డి తిని ఒప్పుకున్నాను. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. నీళ్లు మరిగి చప్పుడు ఆగగానే లూపె గొంతు వినబడింది.

"మా అన్న తాగేవాడు. పెద్దమ్మ కంట పడకుండా సీసాలు నేనే దాచేదాన్ని. ఒకరోజు మిగిలింది పారబోయలేదు, తాగేశా. అట్లా మొదలైంది. అన్నకి తెలీదు. తెలియనివ్వకండి."

లోపలికి వెళ్లి క్షమించమని అడగడానికి లేదు. అది నేను వినకూడని మాట. హెలెన్ మీద, ఆచారం మీద, అన్నిటికంటే నామీద నాకు మండుకొచ్చింది. మాలో చెల్లెలిదే పైచేయి. చోటు ఖాళీ చేయవలసినవాడు అన్న. టీ కప్పులు సర్ది, వెనక తలుపు గుండా వెళ్లిపోయాను.

ఇక మీ దగ్గరికే వస్తానంటే, మళ్లీ మొదటి వారం నుంచి రావాలన్నారు నగరం గ్రూపువాళ్లు. ఆనాకు ఫోన్ చేసి చెప్పాను.

"ఇంకా పన్నెండా నాన్నా?" అంది. అంతే, ఫోన్ పెట్టేసింది.

బుధవారం తెల్లవాళ్ల మధ్య కూర్చున్నాను. మాట్లాడమన్నారు. ఈసారి నోరు పెగిలింది.

"నేను సితివెని. నా సీసాలు మా చెల్లెలు దాచేది."