చెట్టు వద్దన్నది

తాడిచెట్టు ఎక్కి కూర్చున్నంతసేపూ మైసయ్యకు రెండే పనులు. ఒకటి గెల గీసి కల్లు దించడం, రెండోది పైన విమానం కనిపిస్తే దానికి చెయ్యి ఊపడం. సిద్దిపేట మీదుగా ఏ విమానం పోయినా ఆయన లెక్కలో అది బిడ్డ ఉష నడిపేదే. ఢిల్లీకి పోనీ, దుబాయికి పోనీ, ఆయనకు పట్టింపు లేదు. కింద కల్లు మండువలో గ్లాసులు నింపుతూ కూర్చునే తమ్ముడు రాజనర్సు మాత్రం ఊరుకునేవాడు కాదు.

"అన్నా, మన ఉష తోలేది చిన్న విమానం. గంత పైనుంచి పోదు. నువ్వు ఎవల బిడ్డకో చెయ్యి ఊపుతున్నవ్."

"ఎవల బిడ్డయితేంది రా! పైన ఉన్నోళ్ల కష్టం పైన ఉన్నోళ్లకే ఎరుక," అనేవాడు మైసయ్య చెట్టు మీది నుంచే.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఈ కాకిపిల్ల మాత్రం వీధి వీధంతటికీ ముద్దే. మల్లన్నసాగర్ జలాశయం కింద సొంతూరు వేములఘాట్ మునిగిపోయినప్పుడు మైసయ్యకు ఇల్లు పోయింది, తాతలనాటి చెట్లు పోయాయి. పరిహారం చేతికొచ్చినవాళ్లలో కొందరు ప్లాట్లు కొన్నారు, కొందరు కార్లు కొన్నారు. మైసయ్య సిద్దిపేట అంచున రెండు గదుల ఇల్లు కట్టుకుని, అక్కడి తాడిచెట్లు గీసుకుంటూ, మిగిలినదంతా తెచ్చి ఉష పైలట్ చదువులో పోశాడు. ఆడపిల్లకు విమానమేంది, నీకు నెత్తి గిట్ల ఖరాబయిందా అని అడిగినవాళ్లకు ఒకటే జవాబు చెప్పాడు: "నా తాడిచెట్లు మునిగినయ్, నా బిడ్డ తేలాలె."

తేలింది కూడా. కాకపోతే లైసెన్సు ఒక్కటే చాలదట. ఏ రకం విమానానికి ఆ రకం శిక్షణ వేరే కావాలట. ఊరికీ ఊరికీ మధ్య చిన్న విమానాలు నడిపే ఒక కంపెనీ ఆ ఖర్చు తాను పెట్టుకుంటానంది. బదులుగా ఉష ఐదేళ్లు అక్కడే పనిచేయాలి. మధ్యలో మానేసినా, తప్పు చేసి తీసేయించుకున్నా ఇరవై రెండు లక్షలు తిరిగి కట్టాలి. దానికి బాండ్ రాయించుకుని, జమానతు కింద తండ్రి సంతకమూ ఇంటి కాగితాలూ అడిగారు. మైసయ్య సంతకం పెడుతూ నవ్వాడు. "ఐదేండ్లేనా? నేను నలభై ఏండ్ల సంది చెట్టు దిగలే," అన్నాడు.

ఏడాది పది నెలలు గడిచాయి. ఒక బుధవారం పొద్దున పది గంటలకు తెల్ల కారొకటి మండువ ముందు ఆగింది. అందులోంచి దిగిన మనిషి పేరు సంతోష్. కంపెనీలో కోర్టు కాగితాలు చూసే ఉద్యోగి. అప్పటికి మండువలో ఉన్నది ముగ్గురు: ఎప్పటిలా బల్ల మీద రాజనర్సు, ఆయన ముందు గ్లాసుతో రాంచందర్ పటేల్, పక్కన నిలబడి మైసయ్య. మైసయ్య ఆ బల్ల మీద ఎన్నడూ కూర్చోడు. అయితే చెట్టు మీద, కాకుంటే నిలబడి. ఎందుకని ఎవరూ అడగరు.

సంతోష్ మర్యాదస్తుడే. గొంతు పెంచలేదు, బెదిరించలేదు. మెత్తగా మాట్లాడేవాళ్ల దగ్గరే కత్తులు ఎక్కువని మన పెద్దలు ఊరికే భయపడలేదు.

"సోమవారం తెల్లవారుజామున రాజమండ్రి పోవాల్సిన విమానం ఆగిపోయిందండీ. ఉష గారు ఈ రోజు నేను నడపలేను, అలసటగా ఉంది అన్నారు. అరవై ఎనిమిది మంది ప్రయాణికులు గొడవ గొడవ చేశారు."

"మా బిడ్డకు పానం మంచిగ లేదా?" మైసయ్యకు మిగతాదేమీ వినపడలేదు.

"బాగానే ఉన్నారు. సమస్య ఆ మాటతోనే. అలసట అని రాసి ఇస్తే, ఎన్ని రోజులు వరసగా తెల్లవారుజామున పంపారు, ఎందుకు పంపారు అని ప్రభుత్వ విమానాల శాఖ పైవాళ్లు మమ్మల్ని అడుగుతారు. అందుకే సొంత పని ఉండి రాలేదు, ఇకముందు ఇలాంటి కారణం చెప్పి విమానం ఆపను అని రెండు వాక్యాలు రాసి సంతకం పెట్టమన్నాం. పెట్టనంటున్నారు."

"పెట్టకపోతే?"

"కావాలని విమానం ఆపినట్టు అవుతుంది. ఉద్యోగం తీసేస్తారు. తీసేస్తే బాండ్ ఉంది కదా. జమానతు మీదే." సంతోష్ సంచిలోంచి కాగితాలు తీశాడు. "ఇల్లు కూడా. తండ్రి చెబితే వింటుందని మీ దాకా వచ్చాను."

ఆ రెండు గదుల గోడలకు మైసయ్య భార్య చంద్రవ్వ తన చేత్తో నీళ్లు కొట్టింది. ఊరు మునిగాక మిగిలిన నీడ అదొక్కటే. మైసయ్య ఫోన్ తీసి బిడ్డకు కలిపాడు. చేతులకు కల్లు తడి ఉంటుందని ఆయన ఎప్పుడూ ఫోన్ చెవికి ఆనించడు. పెద్దగా వినిపించేట్టు పెట్టుకుంటాడు. ఆ రోజూ అట్లాగే పెట్టాడు.

"బిడ్డా, మీ కంపెనీ సారు వచ్చిండు. ఏందో కాగితమట."

అవతల నుంచి ఉష నిదానంగా చెప్పింది. "బాపు, నాలుగు రోజులు వరుసగ అర్ధరాత్రి దాటంగనే లేచి పోయిన. నాలుగో రోజు విమానం దింపేటప్పుడు నా కన్ను మూతపడ్డది. ఒక్క క్షణమే. పక్కన కెప్టెన్ సారుకు గూడ తెల్వలే. నాకు తెలుసు గద. ఐదో రోజు పొద్దున చెట్టు వద్దన్నది బాపు."

కల్లు గీసే వాళ్లలో, కనీసం వేములఘాట్‌లో గీసిన వాళ్లలో, అదొక కట్టుబాటు. ఎక్కబోయే మనిషికి చెయ్యి వణికినా, కళ్లు తిరిగినా, కారణం చెప్పలేని గుబులు పుట్టినా "ఇయ్యాల చెట్టు వద్దన్నది" అని చెట్టెక్కే మోకు పక్కన పెట్టేస్తాడు. అంతే. ఎందుకని ఎవరూ అడగరు, రెండోసారి ఎక్కమనరు. ఒక్క పూట గీయకపోతే కల్లు ధార పాడవుతుంది గనుక, ఆ రోజు అతని చెట్లు పక్కవాళ్లు గీసి కల్లు అతని ఇంటికే పంపుతారు. చెట్టు మాట అనేది పేరుకే, చెప్పేది మనిషే. కానీ చెట్టు మీద పెట్టి చెబితే పిరికివాడని ఎవరూ అనరు.

మైసయ్యకు ఇదంతా తెలియదా? తెలుసు. తెలిసే, ఇల్లు కళ్ల ముందు తిరుగుతుంటే అనేశాడు: "గట్లనే గని బిడ్డా, ఈ ఒక్కసారికి..."

రాజనర్సు చేతిలో వంచిన కల్లు లొట్టి ఆగలేదు. పటేల్ గ్లాసు నిండి, పొర్లి, కల్లు బల్ల మీదుగా నేల మీదికి కారింది. రాజనర్సు దాన్ని చూడటం లేదు. అన్న ముఖం చూస్తున్నాడు.

పదహారేళ్ల కిందట వేములఘాట్‌లో ఒక బోనాల పొద్దున రాజనర్సు కూడా ఇదే మాట అన్నాడు. అన్నా, ఇయ్యాల చెట్టు వద్దన్నది. ఇంటి నిండా చుట్టాలు, లొట్లు ఖాళీ. అప్పుడు మైసయ్య అన్న మాట కూడా ఇదే. ఈ ఒక్కసారికి ఎక్కు రా. రాజనర్సు అన్న మాట కాదనలేక ఎక్కాడు. సగం చెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది, నడుము దక్కలేదు. ఆనాటి నుంచి బల్ల మీదే బతుకు. ఒక్కనాడూ అన్నను ఒక్క మాట అనలేదు. పదేళ్ల ఉష చిన్నబాపు మంచం పక్కనే కూర్చుని బడి పుస్తకాలు చదువుకుంది. వద్దన్నది అనే మాటకు ఎంత విలువుందో ఆ పిల్ల ఏ విమానాల బడిలోనూ నేర్చుకోలేదు, ఆ మంచం దగ్గరే నేర్చుకుంది.

"బాపు? ఇనవడుతలేదు. ఏమన్నవ్?" ఫోన్‌లో ఉష అడుగుతోంది.

మైసయ్య ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఏమనలే బిడ్డా. వద్దన్నంక వద్దే. నేను రెండోసారి అడుగ. ఎవలడిగినా దస్కత్ పెట్టకు."

"బాపు, మరి ఇల్లు?"

"ఇల్లు సంగతి నీకెందుకు? నువ్వు పోయి పండుకో."

ఫోన్ జేబులో పెట్టుకుని సంతోష్ వైపు తిరిగాడు. చెట్టు దిగితే మైసయ్య పొట్టి మనిషి. ఆ పూట మాత్రం పొట్టిగా కనిపించలేదు.

"సారూ, బాండ్ మీద దస్కత్ నాది. దానికి నేను నిలబడ్త. మీరు ఇల్లు తీసుకుంటమంటే తీసుకోన్రి. కానీ నా బిడ్డ దస్కత్ నేను అమ్ముకోను. ఇయ్యాల గా కాగితం రాస్తే, రేపు కండ్లు మూతలు పడుతున్నా ఎక్కాలె. గా విమానంల అరవై ఎనిమిది మంది ఉన్నరంటున్నరు. నేను ఒక్కన్ని ఎక్కమన్నందుకే పదహారేండ్ల సంది నిద్రపోతలేను."

ఆ మాట మైసయ్య నోటి నుంచి బయటికి రావడం అదే మొదటిసారి. రాజనర్సు తల వంచుకుని బల్ల మీది కల్లు తువ్వాలతో తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు.

సంతోష్ తెచ్చిన కాగితాలు సంచిలో పెట్టుకున్నాడు. "నా పని నేను చేయాలి మైసయ్య గారూ. నోటీసు వస్తుంది," అన్నాడు. కారు దాకా వెళ్లి, తలుపు తీయబోయి ఆగాడు. "నేనూ వారానికి రెండుసార్లు ఆ విమానంలోనే పోతుంటాను," అని, జవాబు కోసం చూడకుండా వెనక సీట్లో కూర్చున్నాడు.

ఇంటికి పోయి మైసయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు. చంద్రవ్వ వరండా గోడకు ఆనుకుని అంతా విన్నది. ఇల్లు పోతదా అని అడుగుతుందనుకున్నాడు. ఆమె అడిగింది వేరు.

"పిల్ల కడుపునిండ నిద్రపోయిందా ఇప్పుడన్నా?"

శనివారం నోటీసు వచ్చింది. ఇరవై రెండు లక్షలు కట్టడానికి మూడు నెలల గడువు. ఆదివారం మధ్యాహ్నం బస్సులో ఉష వచ్చింది. భుజానికి ఒక సంచి, అందులో మడతపెట్టిన తెల్ల చొక్కా. అన్నం తిని పడుకుంటే తెల్లారి ఐదింటికి గానీ లేవలేదు. లేచాక చెప్పింది, జరిగినదంతా తాను విమానాల శాఖ పైవాళ్లకు రాసిందట. తన పేరుతోనే రాసిందట. అది చూసి అదే కంపెనీ పైలట్లు ముగ్గురు మేమూ రాస్తామన్నారట.

"గెలుస్తవా?" అన్నాడు మైసయ్య.

"ఎరుక లేదు బాపు. కొట్లాడ్త."

ఆయనకు ఆ జవాబు చాలు. గెలుస్తానని చెప్పి ఉంటే అంత గర్వపడేవాడు కాదేమో.

ఉష తండ్రి వెంటే మండువకు వచ్చింది. పొద్దు పొడుస్తోంది. రాంచందర్ పటేల్ అప్పుడే గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మైసయ్య మోకు భుజాన వేసుకుని చెట్టు దగ్గరికి నడిచాడు. చెట్టునూ మనిషినీ కలిపి పట్టుకునే తాడు అది. దాన్ని నమ్మే నలభై ఏళ్లు ఎక్కాడు, దిగాడు.

"బాపు, ఒక్కసారి ఇటియ్యి," అంది ఉష.

ఎగిరే ముందు విమానం చుట్టూ తిరిగి చూడటం ఆమెకు అలవాటు. మోకునూ అట్లాగే చూసింది. ఒక కొస నుంచి వేళ్లతో తడుముతూ వచ్చి నడిమికి రాగానే ఆగింది. పురి విప్పి చూపించింది. లోపల మూడు పోగులు అరిగి తెగడానికి సిద్ధంగా ఉన్నాయి.

"ఇది ఎన్నడు మార్చినవ్?"

"ఇంకో ఏడాది వస్తది అది."

"ఇయ్యాల వద్దు బాపు."

ఎక్కనని చెప్పడమే గానీ ఎక్కొద్దని చెప్పించుకోవడం మైసయ్య ఎరగడు. తల ఎత్తి చెట్టు చూశాడు. లొట్లు నిండి ఉన్నాయి. నురగ ఇక్కడికే కనిపిస్తోంది. వెనక నుంచి పటేల్ గొంతు వినిపించింది. "మైసయ్యా, ఈ ఒక్క చెట్టు..."

మైసయ్య ఆ మాట పూర్తి కానివ్వలేదు. "పటేలా, రెండోసారి అడుగద్దు. మా పైలట్ వద్దన్నది."

తాడు తెచ్చి మండువ గుంజకు తగిలించాడు. చెట్లు గీయడానికి పక్క మండువ వాళ్లకు ఉష కబురు పెట్టింది. ఇక ఆయనకు పని లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు.

రాజనర్సు రెండు చేతులూ ఊని, నొప్పి నడుమును కొంచెం కొంచెంగా పక్కకు జరుపుకున్నాడు. బల్ల మీద ఒక మనిషికి చోటయింది.

"కూసో అన్నా," అన్నాడు.

మైసయ్య కూర్చున్నాడు.