ధరలో ఆఖరి వరుస

కామాగారు పేజీని కింది నుంచి పైకి చదువుతున్నారు. చదివే వరుస కింద చెక్క స్కేలు. అది అవగానే ఒక వరుస పైకి. కథలో పడితే అచ్చుతప్పులు కనబడవని ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పద్ధతి. అందుకే ఇన్ని వందల నవలలు దిద్దినా, ఎవరు ఎవర్ని పెళ్లాడారో ఆయనకి తెలియదు. బల్లకి రాసుకుని ఎడమ మోచేతి దగ్గర చొక్కాలన్నీ పలచబడ్డాయి. కామా అని ఆఫీసువాళ్లు పెట్టిన పేరు ఇంటికీ చేరింది. భార్యకి కోపమొస్తే ఫుల్‌స్టాప్‌గారు అంటుంది.

ఇప్పుడు చేతిలో ఉన్నది నలభై ఏళ్ల నాటి నవల. వచ్చే వారం ఈబుక్‌గా మళ్లీ వస్తోంది. చూపు మందగించిన ఆయన అక్క, ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదవొచ్చని నెల నుంచీ కాచుకుని ఉంది. ధర ప్రకటించారు. పొద్దున్నే ఆవిడ ఫోను.

"ముసలి పుస్తకానికి పడుచు ధరేంట్రా? కొత్త పుస్తకమే నయం. నేను కొనలేను."

పదకొండింటికి ఆయన, పుస్తకాలు వేసే ఆ సంస్థ ఓనరు కూతురి దగ్గరికి వెళ్లారు. ధరలు పెట్టేది ఆ అమ్మాయే.

"కాగితం లేదు, అట్ట లేదు, మోసే బండీ లేదు. దేనికమ్మా అంత?"

ఆ అమ్మాయి కీబోర్డు మీద లేని దుమ్ము కాసేపు తుడిచింది. తర్వాత స్క్రీను ఆయన వైపు తిప్పింది. ఖర్చులన్నీ బక్కపలచని అంకెలు. ఆఖరి వరుసలోది ఒక్కటే లావుగా ఉంది. దాని పక్కన ఆయన పేరు.

ఇన్నేళ్లూ పప్పులో రాళ్లేరుతున్నానని అనుకున్నారు. చేటలో అన్నిటికన్నా పెద్ద రాయి తనే.

"నేను లేకపోతే?"

"పావు ధర, బాబాయ్. పాత పేజీల్ని మిషన్ ఎలా చదివితే అలా పెట్టేయడమే. నాన్న అదే చేయమంటున్నారు. నేనే ఆపుతున్నా."

ఆయన మెట్ల మీద నిలబడి అక్కకి ఫోన్ చేశారు. సంగతి చెప్పలేదు. పేజీకి పది తప్పులుంటే చదవగలవా అని మాత్రం అడిగారు.

"నువ్వు పుట్టకముందు నుంచీ చదువుతున్నాన్రా. తప్పులు నేను దిద్దుకుంటాలే. కొననిస్తే చాలు."

ఫోను జేబులో పెట్టుకుని ఆయన తన బల్ల దగ్గరికి వెళ్లారు.

భోజనాల వేళకి ఓనరు కూతురు వచ్చి చూస్తే ఆయన కుర్చీ లోపలికి నెట్టి ఉంది. గొడుగు లేదు, టిఫిన్ డబ్బా లేదు. చిన్న కాగితం మీద ఎర్ర సిరాతో, పావు ధరే పెట్టమ్మా, అని రాసి ఉంది. ఆ అమ్మాయి కుర్చీ లాక్కుని అందులోనే కూర్చుంది.

ఎదురుగా నూట పన్నెండో పేజీ. దాని నడుమ, వేళ్లకి అరిగి నున్నబడ్డ చెక్క స్కేలు. కింద దిద్దిన వరుసలు, పైన ఇక ఎవరూ దిద్దనివి.