అంతోని వారి దీపానికి స్విచ్చి

పెళ్ళయి నెల తిరక్కుండానే విళింజం రేవులో ఫ్లోరీకి ‘వైర్ల కోడలు’ అని పేరు పడిపోయింది. ఆ పేరంటే ఆమెకు భలే ముద్దు.

కిందటి వారం నడిసముద్రంలో ఉప్పు పట్టిన వైరు అతుకొకటి పొగలు చిమ్మి, మామగారి చేపల పడవలో దీపాలన్నీ ఆరిపోయాయి. అది విన్నాక ఆమెకు అన్నం సయించలేదు. తను కాలేజీలో చదివిన ఫిజిక్సు ధైర్యంతో, మొగుడు జెరోంతో కలిసి పాత వైర్లన్నీ పీకేసింది. అతుకు అతుకుకీ ట్యూబు తొడిగి, లైటరుతో వేడిచేశారు. అది ముడుచుకుని బిగుసుకున్న ప్రతిసారీ ఫ్లోరీ చప్పట్లు కొట్టింది. వల లాగే చోట దీపాల పట్టీ, నీళ్ళు తోడే పంపు, అన్నిటికీ ఫ్యూజులు, స్విచ్చులు.

“పడవ దింపేలోపు నాకు నచ్చితే సరే. లేదంటే పాత వైర్లే,” అన్నాడు మామగారు సిల్వపిళ్ళ.

సాయంత్రం వచ్చి అన్నీ నొక్కి చూశాడు. పంపు నీళ్ళు ఎగజిమ్మితే వస్తున్న నవ్వు ఆపుకున్నాడు. చివరి స్విచ్చి దగ్గర ఆగాడు.

“ఇదేంటమ్మా?”

“పడవ ముందు పునీత అంతోని వారి బొమ్మ దగ్గరుండే దీపానిది, అప్పచ్చా!”

“ఆయనకి స్విచ్చా? పడవ నీళ్ళలో ఉన్నంతసేపూ ఆ దీపం ఆర్పిన వాడు మా వంశంలో లేడు. చీకట్లో ఎవడో పంపనుకుని నొక్కేస్తే?”

పక్క పడవలోంచి లాసర్ అందుకున్నాడు. “ఏరా జెరోమూ, అంతోని వారు ఎప్పుడు పడుకోవాలో కూడా మీ ఆవిడే చెబుతుందా?”

జెరోం ఆ వైరు ఊడదీసి, పాత పద్ధతిలో నేరుగా బ్యాటరీకి తగిలించబోయాడు. ఫ్లోరీ అతని చెయ్యి పట్టుకుంది.

“అలా తగిలిస్తేనే కదా మొన్న కాలింది! రాత్రంతా ఇందులో ఉండేది నువ్వు.” మామగారి వైపు తిరిగింది. “స్విచ్చి తీసేస్తాను అప్పచ్చా, మీ మాటే నిజం. ఫ్యూజు మాత్రం తియ్యను.”

“అది ఆర్పదా?”

“వైరు కాలబోతే ముందు తను పోతుంది. ఇంకోటి గుచ్చితే మళ్ళీ వెలుగు. ఆయన కాళ్ళ దగ్గర మంట లేచేకన్నా, కాసేపు చీకట్లో ఉండమంటే అంతోని వారు కాదంటారా?”

సిల్వపిళ్ళ ఆ చిన్న బొమ్మకేసి చూసి, ఒంగి ఫ్యూజుని వేలితో తట్టాడు.

“ఇంకా ఫ్యూజులున్నాయా?”

“డబ్బా నిండా.”

“ఆ డబ్బా నాకివ్వు. వీడికిస్తే సముద్రంలో పారేసి వస్తాడు.”

ఫ్లోరీ వైరు మార్చింది. దీపం వెలిగింది. పెద్దాయన సిలువ గుర్తు వేసుకున్నాడు.

“మరి ఈ ఖాళీ స్విచ్చో?” గుసగుసగా అడిగాడు జెరోం.

“మనిద్దరం షికారెళ్ళే రోజున పాటలకి!”

అందరూ భుజాలు పెట్టి పడవను అలల్లోకి తోశారు. సిల్వపిళ్ళ పడవలో నిలబడి గొంతెత్తాడు.

“ఒరే లాసరూ! రేపు నీ పడవకి మా కోడల్ని పంపిస్తా. ఫ్యూజులొద్దని మాత్రం అనకు, ఒప్పుకోదు!”

ఇంకా వెలుతురుండగానే జెరోం ఒడ్డుకేసి చూస్తూ దీపాల పట్టీని రెండుసార్లు మిణుకుమనిపించాడు. “బ్యాటరీరా, వెధవా!” అని ముసలాయన అరుపు. ఒడ్డున ఫ్లోరీ ఎగిరెగిరి రెండు చేతులూ ఊపింది.