పిల్ల కట్టిన ఊరు

గుడ్డ విప్పగానే కమురు వాసన గుప్పుమంది. గేమ్ మెషిన్ అడుగున ప్లాస్టిక్ కరిగి ముద్దయి ఉంది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ప్రయాణానికి ముందు నిండా ఛార్జింగ్ పెట్టి, గుడ్డలో చుట్టి సర్దింది తనే. కూతురు పోయి నాలుగు నెలలు. ఆసుపత్రి మంచం మీద ఆ పిల్ల ఆటలో ఓ ఊరు కట్టింది. వంతెన, గడియారం మేడ, పదకొండు పిల్లులు. "మిగతాది నా ఫ్రెండ్ కడుతుంది. దానికిచ్చెయ్యమ్మా," అంది. ఆ ఫ్రెండ్ ఇల్లు వాళ్ళు దిగిన ఈ లాడ్జికి రెండు వీధుల అవతలే. మధ్యాహ్నం వస్తామని ఆ ఇంటివాళ్ళకు భార్యాభర్తలు ఫోన్ కూడా చేశారు.

భర్తను రెక్క పట్టుకుని రిపేర్ షాపుకు లాక్కుపోయింది.

మెకానిక్ మూత విప్పి చూశాడు. "ఏ ఛార్జర్ పెట్టారమ్మా దీనికి?"

"పెట్టనే లేదు. దీని ఛార్జర్ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది."

"ఊరికే కాలుతుందా? ఎవరో చవకరకం ఫోన్ ఛార్జర్ గుచ్చారు. కరెంటు తిన్నగా బోర్డు మీదికి కొట్టింది."

"మరి ఆట?"

"ఇంటర్నెట్‌లో కాపీ ఏమైనా పెట్టారా?"

పెట్టలేదు. పిల్ల అడిగితే ఆ ఖాతాలూ గీతాలూ వద్దన్నది తనే.

మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "ఇంక ఇందులోంచి ఏమీ రాదమ్మా."

లాడ్జికి తిరిగొచ్చేసరికి ఆమె దుఃఖం కోపమై కూర్చుంది. "గది తుడిచే మనిషే! మనం టీకి దిగినప్పుడు లోపలికొచ్చింది. తన ఫోన్ ఛార్జర్ దీనికి గుచ్చింది!"

మేనేజర్ పిలిస్తే ఆవిడ బకెట్‌తోనే వచ్చింది. "నేనా? నా ఫోనే నాకు నొక్కడం రాదు తల్లీ. మా ఆయన నొక్కిస్తే హలో అంటాను."

"వేషాలెయ్యకు! నా బిడ్డది అదొక్కటే మిగిలింది!"

"రేపట్నించి పనిలోకి రాకు," అన్నాడు మేనేజర్.

ఆవిడ బకెట్ కింద పెట్టి, కొంగుతో మొహం కప్పుకుంది.

భర్త అప్పుడు ముందుకొచ్చాడు.

"ఆవిణ్ణి ఏమనకండి. నేనే. నిన్న రైల్లో నువ్వు కునికిపాట్లు పడుతుంటే దీన్ని బయటికి తీశాను. ఆటలో కట్టిన ఆ ఊళ్ళో మన పిల్ల తనలాంటి బొమ్మనొకదాన్ని పెట్టుకుంది. దగ్గరికెళ్తే 'వచ్చావా నాన్నా' అని అక్షరాలు పడతాయి. వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం... ఛార్జింగ్ అయిపోయేదాకా అదే పని. ఇవాళ ఇచ్చేస్తాం కదా, ఇంకొక్కసారి చూద్దామనుకున్నా. నిన్ను ఛార్జర్ అడిగితే ఏడుస్తావని స్టేషన్ బయట బండి మీద ఒకటి కొన్నాను. పొద్దున నువ్వు స్నానానికెళ్ళినప్పుడు పెట్టాను. పొగ వచ్చింది. పీకేసి, మళ్ళీ నీ గుడ్డలోనే చుట్టేశాను. చల్లారితే బాగైపోతుందనుకున్నానే..."