అంగుళం కట్టె

బుగ్గయ్య చేసిన కుందాను పాతదాని పక్కన పెడితే ఏది పాతదో, ఏది కొత్తదో పోల్చుకోలేరని నారాయణగూడలో పేరు. కుందా అంటే రైఫిల్‌కు భుజానికి ఆనే చెక్క. పగిలిందో విరిగిందో తెస్తే, అక్రోటు కర్రలోంచి వెంట్రుకవాసి తేడా లేకుండా మరొకటి చెక్కి ఇస్తాడు. ధర్మారావు తుపాకుల దుకాణంలో పదిహేనేళ్లుగా అతని పని అదే. పాలమూరు నుంచి కూలికి వచ్చి ఇంత పనివాడైనవాడు బస్తీలో ఇంకొకడు లేడు. ఆ సంగతి అతను మరిచిపోయిన రోజూ లేదు.

చిక్కడపల్లి సూర్యనారాయణమూర్తి గారు రైఫిల్ సంచీతో దుకాణంలోకి వస్తుంటే బుగ్గయ్యకు ఒళ్లు మండింది. కిందటేడు చలికాలం ఆయన అమ్రాబాద్ అడవికి వేటకు వెళ్లారు. దారి చూపడానికి తన బావమరిది రామచంద్రయ్యను కుదిర్చింది బుగ్గయ్యే. మొదటి దెబ్బ అడవిపందికి తగిలింది కానీ అది పడలేదు, తిరగబడింది. రెండోసారి ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమంది, అంతే. పంది రామచంద్రయ్య తొడ చీల్చేసింది. అప్పటినుంచి అతను అశోక్ నగర్ బస్తీలో అక్కాబావల పంచన కూర్చున్నాడు. మూర్తి గారు ఆస్పత్రి ఖర్చంతా పెట్టుకున్నారు, ఇంటికి కూడా వచ్చారు. వచ్చినప్పుడల్లా ఒకటే మాట: రైఫిల్ మొరాయించింది. ఈయన చేతులు వణికాయని బుగ్గయ్యకూ, భార్య ఆశమ్మకూ గట్టి నమ్మకం. ఒక్కసారి ఆయన నోట ‘నా తప్పే’ అనిపించాలి. బుగ్గయ్య పంతం అది.

ఊళ్లో గొడవలప్పుడు పోలీసు స్టేషన్లో అప్పగించిన రైఫిల్ మూర్తి గారికి మొన్ననే తిరిగి వచ్చిందట.

“ఇది తీసుకుని వేరే రకం ఇవ్వండి ధర్మారావు గారూ. దీని కొక్కేన్ని నమ్మలేను,” అన్నారు.

ధర్మారావు మరో రైఫిల్ తీసి బల్ల మీద పెట్టాడు. రెండూ దెబ్బ దెబ్బకూ బోల్టు అనే కడ్డీని వెనక్కి లాగి, ముందుకు నెట్టి తూటా ఎక్కించేవే. మూర్తి గారి దానిలో తూటా పైకి లేస్తూనే బోల్టుకున్న పెద్ద కొక్కెం దాన్ని పట్టుకుంటుంది. పేలాక బోల్టును చివరంటా లాగితే తప్ప తూటా ఖాళీ గొట్టాన్ని వదలదు. రెండోదానిలో అంత పట్టుదల లేదు. బోల్టు తూటాను ఊరికే ముందుకు తోస్తుంది, ఖాళీ గొట్టాన్ని చిన్న స్ప్రింగు ఎగరేస్తుంది.

“కొక్కెంల ఏం తప్పు లేదు సార్. జర చూడుండ్రి,” అని బుగ్గయ్య మందులేని తూటాలు అయిదు ఎక్కించాడు. భుజానికి ఆనించి టకటకా లాగాడు. అయిదూ ఎక్కాయి, అయిదూ బయట పడ్డాయి.

“ఇప్పుడు మీరు చెయ్యుండ్రి.”

మూర్తి గారు బుగ్గయ్య కంటే జానెడు పొడుగు. ఆయన లాగారు. బోల్టు చివరిదాకా రాలేదు. కొక్కెం పట్టిన గొట్టమే మళ్లీ లోపలికి పోయింది. టిక్. అడవిలో వినిపించిన చప్పుడు అదే. మూర్తి గారి ముఖం పాలిపోయింది. బుగ్గయ్యకు మాత్రం ఏడాదిగా కడుపులో ఉన్న మంట చల్లారినట్టయింది.

“రైఫిల్ గాదు సార్, చెయ్యి,” అన్నాడు.

మూర్తి గారు రెండో రైఫిల్ అందుకున్నారు. అయిదుకు అయిదూ బయట పడ్డాయి. మళ్లీ అయిదు. ఒక్కటీ తప్పలేదు.

బుగ్గయ్యకు అర్థం కాలేదు. చివరంటా లాగని చేతికి ఏ రైఫిలైనా ఒకటే. తోసే రకమైతే ఖాళీ గొట్టాన్ని ఎగరేసినా కింది తూటాను అందుకోదు, అంతే తేడా. మరి ఇక్కడ చెయ్యి ఎందుకు ఆగలేదు? పాతది మళ్లీ పట్టించి, ఈసారి బోల్టును కాకుండా మనిషిని చూశాడు. బోల్టు వెనక్కి వస్తూ మూర్తి గారి కళ్లద్దాల దాకా వచ్చింది. ఆయన రెప్ప కొట్టుకుంది, చెయ్యి అక్కడే ఆగింది. ఆగినట్టు ఆయనకే తెలియదు.

రెండింటినీ పక్కపక్కన పెట్టి ట్రిగ్గర్ నుంచి మడమ దాకా, అంటే భుజానికి ఆనే కుందా చివరిదాకా, కొలిచాడు. పాతది అంగుళం పొట్టి.

ధర్మారావు అప్పటికే కొత్త రైఫిల్ గుడ్డతో తుడుస్తున్నాడు. బుగ్గయ్య ఊరుకుంటే ఆ పూటకు అందరూ సుఖంగా ఇళ్లకు పోయేవారే. అతను అంగుళం మందం అక్రోటు ముక్క ఒకటి వెతికి, పాత రైఫిల్ మడమకు గుడ్డతో బిగించి కట్టాడు.

“ఇంకొక్కసారి, సార్.”

అయిదుకు అయిదూ బయట పడ్డాయి.

మూర్తి గారు రైఫిల్ దించి స్టూలు మీద కూర్చున్నారు. “అయితే నా చేతులు వణకలేదా బుగ్గయ్యా? పైకి రైఫిలని చెప్పాను గానీ, నేను భయపడ్డాననే అనుకుంటూ వచ్చాను. ఏడాదిగా నాకు సరైన నిద్ర లేదు.”

“వణకలె సార్. గా కుందా నేనే చేసిన. మీరు రైఫిల్ కొన్నప్పుడు దాని పాత కుందా పగిలుండె. అది ఎవరో పొట్టాయనకు చేసింది. దాని కొలత దీసిన గని మీ ఎత్తు జూడలె, గందుకే బోల్టు మీ కండ్లమీదికొచ్చింది.”

ఆ మాట చెప్తుంటే బుగ్గయ్యకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఇంటికి వెళ్లేసరికి రామచంద్రయ్య గుమ్మంలో కాలు చాపుకుని కూర్చున్నాడు. మూర్తి గారు దుకాణానికి వచ్చారని వినగానే ఆశమ్మ అడిగింది, “ఒప్పుకున్నడా?”

“ఒప్పుకోవాల్సింది ఆయన గాదు,” అని బుగ్గయ్య ఉన్నదంతా చెప్పాడు. జేబులోంచి ఆ ముక్క తీసి బావమరిది చేతిలో పెట్టాడు. “గింత కట్టె తక్కువ పెట్టిన.”

ఆశమ్మ లోపలికి వెళ్లిపోయింది. రామచంద్రయ్య ముక్కను చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తిట్టలేదు. తిట్టినా బుగ్గయ్యకు కాస్త తేలికగా ఉండేది.

“బావా, మనిషిని జూడకుంట పాతదాని లెక్కనే ఇంకెన్ని కుందాలు చేసినవ్?” అన్నాడు.

బుగ్గయ్య పక్కనే కూలబడి వేళ్లు ముడవడం మొదలుపెట్టాడు. ఒక చెయ్యి అయిపోయింది. రెండో చెయ్యి తీశాడు.