కలెక్టరు పాలపన్ను

పొద్దున్నే జాతర మైదానంలో కోడె నోట్లో పన్ను ఊడింది. అది చూసి హనుమంతప్ప నోట్లో మాట పడిపోయింది.

తప్పు కాళమ్మది. తప్పని కూడా అనలేం. పోటీకి దిగే ముందు కోడెకు ఇంటి ఆడమనిషి చేత్తో బెల్లం పెట్టడం వాళ్ల ఇంటి ఆచారం. అందరూ చిన్న ముక్క పెడతారు. కాళమ్మకు ఆ కోడె మీద ఉన్న ప్రేమ చిన్న ముక్కతో తీరేది కాదు. పిడికిలంత అచ్చు, అదీ రాయిలాంటి పాత బెల్లం, నోటికి అందించింది. కోడె రెండుసార్లు నమిలి, మూడోసారి తల విదిలించి ఉమ్మేసింది. బెల్లం గడ్డలో మొక్కజొన్న గింజలాగా ఒక పాలపన్ను గుచ్చుకుని ఉంది.

హనుమంతప్ప కోడె కింది పెదవి లాగి చూశాడు. ఊడిన చోట ఎర్రటి చిగురులోంచి కొత్త పన్ను మొన తెల్లగా తొంగి చూస్తోంది.

"అయిపాయ" అన్నాడు మెల్లగా. "నా బతుకు బస్టాండైపాయ."

కోడె పేరు కలెక్టరు. పొడుగు మెడ, వెనక్కి వాలి మళ్లీ పైకి లేచిన కొమ్ములు, వాన మబ్బు రంగు ఒళ్లు. ఎవరు ఎదురొచ్చినా పక్కకు తప్పుకోదు కాబట్టి ఆ పేరు వచ్చింది. జాతరలో ఒళ్లూ కొమ్ములూ చూసి బహుమతిచ్చే పోటీకి వచ్చే కోడెలకు వయసు కాగితాలు ఉండవు. పళ్లే కాగితాలు. పాలపళ్లు రాలి రెండు పెద్ద పళ్లు వచ్చినవి ఒక వరస, నాలుగు వచ్చినవి ఇంకో వరస, ఆరు వచ్చినవి మరో వరస. మూడో పన్ను మొన కనిపించిందంటే చాలు, కోడె నాలుగు పళ్ల వరసలోకి పోవాల్సిందే. నిన్న సాయంత్రం దాకా కలెక్టరు రెండు పళ్ల కోడె. ఈ పొద్దు కాదు.

నాలుగు పళ్ల వరసలో కెలవరపల్లి విష్ణువర్ధన్ కోడె ఉంది. దాని పేరు సుల్తాను.

ఇక్కడ హనుమంతప్ప నోటి గురించి చెప్పుకోవాలి. హోసూరు గేర్ల ఫ్యాక్టరీలో మిషను ఆయన్ని మాట్లాడనివ్వదు. అత్తిముగంలో ఇంటికొస్తే కాళమ్మ మాట్లాడనివ్వదు. ఆయన మాట చెల్లే చోటు భూమ్మీద ఒక్కటే, శూలగిరి టీ బంకు ముందున్న బెంచీ. ఆ బెంచీ మీద కూర్చుని కలెక్టరు గురించి కోతలు కోస్తుంటే, టీ చల్లారిపోయినా ఎవరూ లేచేవాళ్లు కాదు.

విష్ణువర్ధన్ గులాబీ తోటల ఆసామి. సుల్తానును షెడ్డులో ఫ్యాను కింద నిలబెట్టి, షాంపూ పెట్టి కడిగి, పాట జోడించి వీడియోలు తీసి కోడెల వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. ఒకరోజు హనుమంతప్పకు ఒళ్లు మండి ఒక వాయిస్ మెసేజి పెట్టాడు.

"విష్ణువర్ధనప్పా, నీ సుల్తాను ఫోన్లోనే రాజా. మా కలెక్టరు పక్కన నిలబెడితే, దూడను నిలబెట్టినట్ల ఉంటాది!"

గ్రూపంతా నవ్వులు. దానికి విష్ణువర్ధన్ జవాబు చల్లగా వచ్చింది.

"సరేప్పా. రెండూ ఒకే వరసలో నిలబడిన పొద్దు చూస్తాం. ఓడినోడు గెలిచిన కోడె పగ్గం పట్టుకోని జాతరంతా తిప్పల్ల. నువ్వు ఓడితే 'సుల్తాను ముందు, కలెక్టరు వెనక' అని అరుచుకుంటా తిప్పల్ల. ఒప్పుకుంటివా?"

హనుమంతప్ప వెంటనే ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకోడు? కలెక్టరుకు రెండు పళ్లు, సుల్తానుకు నాలుగు. కలెక్టరు నాలుగుకు వచ్చేసరికి సుల్తాను ఆరుకు పోతుంది. ముందు బస్సును వెనక బస్సు ఎప్పటికీ అందుకోదు. ఆ ధైర్యంతోనే ఏడాదంతా బెంచీ మీద రెచ్చిపోయాడు. ఇప్పుడు ఒక్క బెల్లం గడ్డ రెండు బస్సుల్నీ ఒకే స్టాపులో నిలబెట్టింది.

"బావా, కంగారు పడొద్దు" అన్నాడు అచ్చెన్న. కాళమ్మ తమ్ముడు. ప్రతి చిక్కుకూ ఒక అడ్డదారి కనిపెట్టేవాడు. ఎక్కడికి పోయాడో, ఎప్పుడొచ్చాడో, చేతిలో చిన్న గమ్ము సీసాతో ప్రత్యక్షమయ్యాడు. "చెప్పులు అతికించేది. ఒక చుక్క చాలు. పన్ను ఇట్లియ్యి. డాక్టరమ్మ పళ్లు చూసి పోయేదాకా నిలబడితే సరిపాయ కదా."

హనుమంతప్ప చెయ్యి చొక్కా జేబులోని పన్ను మీదకు పోయింది. చుట్టూ చూశాడు. డప్పులు ఇంకా మొదలవలేదు. మైకు వాడు "హలో, హలో" అంటున్నాడు. ఎవరూ ఇటు చూడటం లేదు. జేబులోంచి పన్ను తీశాడు.

"ఏమయ్యా, ఏం చేస్తా ఉండావు?"

కాళమ్మ. నడుముకు కొంగు చుట్టి, చేతిలో కలెక్టరుకు కట్టే పూసల పట్టెడతో నిలబడి ఉంది.

"ఏం లేదుమ్మే. అచ్చెన్న ఏదో..."

"గమ్ము చూస్తా ఉండానులే. కోతలు కోసింది దాని నోరా, నీ నోరా?"

హనుమంతప్ప పన్నును ఆమె చేతిలో పెట్టాడు.

"ఆ గమ్ము ఏదో నీ నోటికే పెట్టుకోని ఉంటే ఈ గతి వచ్చేదే కాదు. ఒరేయ్ అచ్చెన్నా, అది మింగితే కోడె కడుపు ఏమవుతాదని ఆలోచన చేసినావా? పో, ఆడ పెట్టేసి రా."

అచ్చెన్న సీసాను జేబులో వేసుకుని గడ్డిమోపుల వెనక్కి జారుకున్నాడు. హనుమంతప్ప కలెక్టరు పగ్గం పట్టుకుని, ఉరికంబానికి పోతున్నవాడిలా పళ్లు చూసే చోటికి నడిచాడు.

పళ్లు చూస్తున్నది పశువుల డాక్టరు అముద. కోడె కింది పెదవి లాగి, బొటనవేలితో చిగురు తడిమి, తమిళం కలిసిన తెలుగులో నవ్వుతూ అడిగింది.

"ఏమప్పా, నిన్న పేరు ఇచ్చేటప్పుడు రెండు పల్లు అని చెప్పినారే?"

"రాత్రికి రాత్రి పెద్దోడైపోయినాడమ్మా."

"సరి, నాలుగు పల్లు వరస."

మైకులో ఆ మాట వినిపించింది. అత్తిముగం కలెక్టరు, నాలుగు పళ్లు. మైదానంలో తలలన్నీ ఇటు తిరిగాయి. తర్వాత ఒక ఈల. ఆ గ్రూపులో మెసేజి వినని మనిషి ఆ మైదానంలో లేడు.

పది అడుగులు వేశాడో లేదో, విష్ణువర్ధన్ ఎదురొచ్చాడు. తెల్ల చొక్కా, చల్లద్దాలు. గెలుపు వాకిట్లో ఉన్నవాడి ముఖంలా లేదు అది. చెమటలు పడుతున్నాయి.

"ఇట్ల రాప్పా, ఒక మాట" అని గడ్డిమోపుల చాటుకు లాక్కుపోయాడు. "మన ఇద్దరికీ ఏంటికి ఈ రచ్చ? నీ కోడె కుంటతా ఉందని చెప్పి వాపస్ తీసుకో. పందెం లేనట్లే. నేను ఒక్క మాట కూడా అనను. గ్రూపులో కూడా."

హనుమంతప్ప చెవులను నమ్మలేకపోయాడు. దేవుడే చల్లద్దాలు పెట్టుకుని వచ్చినట్టుంది. ఊ అంటే చాలు. బెంచీ మిగులుతుంది, మాట మిగులుతుంది, సాయంత్రానికి కోతలు కూడా మిగులుతాయి.

"కుంటతా ఉందని చెప్పల్లా?"

"అంతే. ఎడమ కాలు అను."

హనుమంతప్ప వెనక్కి తిరిగి చూశాడు. కలెక్టరు నాలుగు కాళ్ల మీదా స్తంభంలా నిలబడి, కాళమ్మ కొంగును తీరిగ్గా నములుతోంది. పుట్టినప్పుడు సరిగ్గా నిలబడలేకపోతే కాళమ్మ వారం రోజులు దాని పొట్ట కింద గోనెసంచి పట్టుకుని నిలబెట్టింది. ఆ ఎడమ కాలికే నూనె రాసి రాసి హనుమంతప్ప అరచేతులు నల్లబడ్డాయి.

"లేదప్పా" అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నా నోరు వెయ్యి కోతలు కోసింది. అన్నీ దాన్ని మెచ్చుకుంటానే కోసినాను. దాని గురించి చెడ్డ మాట ఒక్కటీ రాలేదు. ఈ పొద్దు ఎట్ల అనేది?"

"ఓడిపోతావప్పా!"

"ఓడిపోతే నేను కదా ఓడేది. దాని కాలు ఎందుకు విరగ్గొట్టల్ల?"

విష్ణువర్ధన్ తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. గెలిచేవాడు ఎందుకు భయపడుతున్నాడో హనుమంతప్పకు అంతు పట్టలేదు.

పోటీ చాలాసేపు సాగలేదు. కోడెలను షామియానా నీడలో వరసగా నిలబెట్టారు. డాక్టరమ్మ ఒక్కోదాని చుట్టూ తిరిగి, వీపు నిమిరి, సుళ్లు చూసి, గిట్టలు ఎత్తి చూసింది. సుల్తాను ఫ్యాను కింద నిలబడి నిలబడి అలవాటు పడిందేమో, శిల్పంలా కదలకుండా నిలబడింది. పెరిగిన కోడె. ఒళ్లు నిండి, ఛాతీ విరిసి ఉంది. కలెక్టరు నిన్నటిదాకా చిన్నపిల్లవాడు, ఈ వరసలో చేరి పూట కూడా కాలేదు. హనుమంతప్పకు ఫలితం మైకు చెప్పకముందే తెలిసిపోయింది. మొదటిది సుల్తాను. రెండోది కలెక్టరు.

"రెండోదంటే చిన్న మాటా బావా, పెద్దోళ్లలో రెండోది!" అన్నాడు అచ్చెన్న.

జనం మాత్రం రెండో బహుమతి చూడటానికి రాలేదు. పగ్గం చూడటానికి వచ్చారు. సుల్తాను చుట్టూ వలయం కట్టేశారు. అప్పుడు విష్ణువర్ధన్ చేతులు అడ్డం పెట్టాడు.

"పోనీయండప్పా. పగ్గం వద్దు. ఏదో తమాషాకు అనుకున్నాం."

ఆ మాట హనుమంతప్పకు చెంపదెబ్బలా తగిలింది. జాలి! దీనికంటే అరవడమే నయం.

"మాట మాటే!" అని ముందుకొచ్చి పగ్గం లాక్కున్నాడు. గట్టిగా ఊపిరి పీల్చి అరిచాడు. "సుల్తాను ముందు! కలెక్టరు వెనక!"

ఒక అడుగు వేశాడు. పగ్గం బిగిసింది. సుల్తాను కదల్లేదు.

"హ్హె, హ్హె" అని అదిలించాడు. కదల్లేదు. నాలుగు కాళ్లూ నేలలో పాతుకుని, కళ్లు తెల్లగా తేలేసి చూస్తోంది. అప్పుడే డప్పులు మోగాయి. సుల్తాను ఒక్కసారిగా ఒళ్లంతా వణికి, ముందు కాళ్లు లేపి, పగ్గంతో పాటు హనుమంతప్పను లాక్కుంటూ గాజుల అంగళ్ల వైపు దూసుకుపోయింది. ఆడవాళ్ల కేకలు. ఒక బొరుగుల బస్తా గాల్లోకి లేచింది. హనుమంతప్ప పంచె సగం ఊడినా పగ్గం వదల్లేదు. మడమలు నేలకు తన్ని వేలాడుతున్నాడు. గాజుల అంగడి ఇంకో నాలుగు బారల దూరం.

విష్ణువర్ధన్ వెనకే పరుగెత్తుతూ అరిచాడు. "డప్పు ఆపండప్పా! అది యాడా నడవలేదు! షెడ్డు కాడ లారీ ఎక్కించి, ఈడ దింపినాను! అంతే!"

హనుమంతప్పకు అప్పుడు తెలిసింది, ఆ చెమటలు ఎందుకు పట్టాయో.

సుల్తానుకూ గాజుల అంగడికీ మధ్యలోకి ఏదో బూడిద రంగు ఆకారం వచ్చి నిలబడింది. కలెక్టరు. దాని పక్కన కాళమ్మ, చేతిలో పగ్గం కూడా లేదు. దాని మూపు మీద చెయ్యి వేసి నడిపించుకొచ్చింది, అంతే. హనుమంతప్ప ఫ్యాక్టరీ బస్సు ఎక్కి పోయాక, ప్రతిరోజూ ఆ కోడెను వెంటబెట్టుకుని బేరికె రోడ్డు దాటి గడ్డికి పోయి వస్తుంది ఆమె. లారీ హారన్లు, పెళ్లి బ్యాండ్లు, పార్టీల మైకులు, అన్నీ విని విని కలెక్టరుకు డప్పు అంటే దోమ పాటతో సమానం. దారికి అడ్డంగా నిలబడింది. ఎవరొచ్చినా తప్పుకోదు కదా.

సుల్తాను గిట్టలు నేలకు రాసుకుంటూ ఆగింది. బుసకొట్టింది. కలెక్టరు తీరిగ్గా దాని మెడ వాసన చూసి, ఒకసారి నాకింది. తర్వాత తన దారిన తాను మైదానం వైపు తిరిగి నడక మొదలుపెట్టింది. సుల్తాను దాని తోక వెనకే, తల్లి వెనక దూడలాగా, నడిచింది.

హనుమంతప్ప చేతిలో పగ్గం వదులైంది. పందెం గుర్తొచ్చింది. మాట మాటే. పంచె బిగించుకుని మళ్లీ అందుకున్నాడు.

"సుల్తాను ముందు! కలెక్టరు వెనక!"

ముందు నడుస్తున్నది కలెక్టరు. వెనక నడుస్తున్నది సుల్తాను. జనం ఒక క్షణం చూశారు. తర్వాత నవ్వు మైదానమంతా అలలాగా లేచింది. ఎవరో ఈల వేశారు. విష్ణువర్ధన్ చల్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. నవ్వుతో వచ్చిన నీళ్లే అవి.

"ఇంగొకసారి అరువప్పా, వినబడలేదు!" అన్నాడు.

జాతర చుట్టూ ఒక చుట్టు పూర్తయ్యేసరికి రెండు కోడెలూ పక్కపక్కన, అడుగులో అడుగు వేసి నడుస్తున్నాయి. సామల్పట్టి నుంచి వచ్చిన పెద్దప్ప, పశువుల బేరాలు చేసే ముసలాయన, బీడీ నోట్లోంచి తీసి అలాగే నిలబడిపోయాడు.

"ఒరే నాయనా. ఎత్తు చూడండ్రా. కొమ్ముల తిరుగుడు చూడండ్రా. ఇది రెండు కోడెలు కాదు, జత! ఎంతకిస్తారు?"

"ఇయ్యం" అన్నారు ఇద్దరూ ఒకేసారి. అని, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

సాయంత్రానికి శూలగిరి టీ బంకు ముందు బెంచీ మీద చోటు లేదు. ఒక కొసన హనుమంతప్ప, ఇంకో కొసన విష్ణువర్ధన్, మధ్యలో వినేవాళ్లు. సుల్తానును రేపటి నుంచి కాళమ్మ దగ్గరికి నడకకు పంపడం అప్పటికే ఖాయమైపోయింది.

"వచ్చే ఏడాది జతల పోటీలో దిగుతాం" అన్నాడు విష్ణువర్ధన్. "డెంకణికోట వాళ్లను మొత్తుకోమను."

"డెంకణికోట ఏందప్పా, చిన్న మాట" అన్నాడు హనుమంతప్ప, టీ గ్లాసు గాల్లో తిప్పుతూ. "మన జత వస్తా ఉందని తెలిస్తే, కర్ణాటక వాళ్లు బార్డరు కాడే కోడెలను వెనక్కి తిప్పుకుంటారు!"

"వాళ్లతో పందెం కట్టుదామా?"

"కట్టుదాం!"

బంకు పక్కన కాళమ్మ పాలపన్నును పేడముద్దలో పెట్టి గుండ్రంగా చుడుతోంది. ఇంటికి పోగానే కొట్టం కప్పు మీదికి విసరాలి, పిల్లల పన్ను విసిరినట్టే. చేతిలో పని ఆపకుండానే తమ్ముడి వైపు తిరిగింది.

"అచ్చెన్నా, ఆ గమ్ము సీసా యాడ పెట్టినావు?"

"జేబులోనే ఉండాదక్కా. ఏంటికి?"

"ఇద్దరికీ సరిపోతాదేమో చూడు."